సమస్యాపూరణం: పళ్ళ చక్రం మీద ఆటవెలది

గోదారిగట్టు (నిర్వాహకుడు): ఈ వారం సమస్య ఇదిగో, ఛందస్సు ఆటవెలది. ఇది నాలుగో పాదం, పైన మూడు పాదాలు మీరు కట్టాలి.

*కఱవనట్టి పండ్లె కడుపు నింపు*

మా ఊళ్ళో రోటరీ క్లబ్బు గేటు మీద పసుపు, నీలం రంగుల్లో ఆ చక్రం ఉంటుంది కదా, వానకి ఆగినప్పుడు దాని కింద నిలబడి పళ్ళు లెక్కపెడుతుంటే తట్టింది. పూరణ మాత్రం క్లబ్బుల చిహ్నాల మీదే ఉండాలి, కట్టుడు పళ్ళ మీద రాస్తే ఒప్పుకోను.

కొత్తకలం: నేనే ఫస్ట్! మొదటి పాదం వరకే వచ్చింది అన్నయ్యా.
*ఇరవై నాలుగు ఆకుల చక్రము చూడు*

గోదారిగట్టు: తమ్ముడూ రెండు తప్పులు. ఇరవై అంటే రెండు లఘువులు ఒక గురువు, అది సూర్యగణం కాదు, ఆటవెలదిలో మొదటి మూడూ సూర్యగణాలే పడాలి (మూడు లఘువుల నగణమో, గురువూ లఘువూ ఉన్న గలమో). రెండోది, ఇరవైనాలుగు ఆకులు (మధ్య నుంచి అంచుకి వెళ్ళే పుల్లలు) జెండాలో ఉన్న అశోకచక్రానివి, రోటరీ చక్రానికి ఆకులు ఆరే, ఇరవైనాలుగు ఉన్నవి పళ్ళు.

పాతపంచాంగం:
*రోటరీ రథాంగ రూపమ్ము గనరండు*
*ఇరువదియును నాల్గు నిచట పండ్లు*
*మరల నాడజేసి మన కూడు సమకూర్చు*
*కఱవనట్టి పండ్లె కడుపు నింపు*

గోదారిగట్టు: పంచాంగం గారూ, మూడో పాదం చాలా బాగుందండి, "మర" అనే మాట ఎక్కడ పడాలో అక్కడే పడింది. కానీ "రండు" తర్వాత "ఇరువది" అని అచ్చుతో ఎత్తుకుంటే ఉత్వసంధి ఊరుకోదు, రెండూ కలిసిపోతాయి, "రండి / యిరువదియును" అంటే గణాలూ యతీ చెడకుండా సరిపోతుంది. "రోటరీ రథాంగ" వైరిసమాసం (సంస్కృతం కాని మాటని సంస్కృతంతో కలపడం) అని ఎవరైనా అంటారేమో, సంఘం పేరు కాబట్టి నేను వదిలేస్తున్నా.

మిల్లుమాస్టారు: నేను ముప్పై ఏళ్ళు రైసుమిల్లులో గేర్లు బిగించినవాణ్ణి, నాకు పళ్ళకంటే మధ్యలో ఉన్న గాడి ముఖ్యం. 1905లో చికాగోలో క్లబ్బు పుట్టినప్పుడు మాంటేగ్ బేర్ అనే చెక్కడం పనాయన గీసింది మామూలు బండి చక్రం, పదమూడు ఆకులు. ఇది కదలట్లేదయ్యా అని సభ్యులు అంటే కింద మబ్బులు గీశాడు, అవి చూసి దుమ్ము అనుకున్నవాళ్ళు చక్రానికి వెనకా ముందూ కూడా దుమ్ము లేస్తుందా అని నవ్వారంట! తర్వాత పళ్ళు వచ్చాయి, అయినా ఇరుసుకి బిగించే గాడి లేదు, గాడిలో కీ పడకపోతే ఇరుసు ఎంత తిరిగినా ఆ బలం చక్రానికి అందదు, అది ఉత్తినే దొర్లే చక్రం. ఆ లోపం పట్టుకున్నాక 1924 కల్లా గాడి చేరింది. అందుకని,

*గాడి లేనినాడు గతిలేక తిరుగాడె*
*నిరుసుతోడ గూడి యిపుడు సాగె*
*పంటిలోన పన్ను పట్టించి పనిచేయ*
*కఱవనట్టి పండ్లె కడుపు నింపు*

గోదారిగట్టు: మాస్టారూ దండం. "పంటిలోన పన్ను" అనేది గేరు చేత్తో పట్టుకున్నవాడికే వస్తుంది, "గతిలేక"లో శ్లేష కూడా అమరింది. "ఇపుడు" ఒక్కటే నాకు కాస్త పలచగా అనిపించింది, గాడి పడి వందేళ్ళయింది కదండీ.

ఊదారంగు: మేం లయన్స్ వాళ్ళం, మా సింహాలకీ పళ్ళున్నాయి.
*ముందు వెనుక జూచు మోములు రెండుండు*
*సింగములవె కంటి జీవమిచ్చు*
*చూపు వచ్చెనేని చోద్యమా పనిసేయ*
*కఱవనట్టి పండ్లె కడుపు నింపు*

పాతపంచాంగం: ఒక్కో సింహానికి రెండు మొహాలని అర్థం వస్తోందమ్మా! లయన్స్ చిహ్నంలో ఎల్ అక్షరానికి అటొకటి ఇటొకటి కదా తలలు.

ఊదారంగు: రెండు సింహాలకీ కలిపి రెండండీ బాబూ. ఒకటి గతం వైపు గర్వంగా, ఇంకోటి రాబోయేదాని వైపు ధైర్యంగా చూస్తాయని మా వాళ్ళు చెప్తారు. కంటి సంగతి ఎందుకు తెచ్చానంటే 1925లో ఒహాయోలో మా మహాసభకి చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ వచ్చి చూపులేనివాళ్ళ కోసం పనిచెయ్యమని అడిగింది, ఊళ్ళల్లో ఈ కంటి క్యాంపులకి మూలం అదే.

గోదారిగట్టు: పద్యం నడక హాయిగా ఉందమ్మా, చూపొస్తే పనికి పోతాడు పనికిపోతే తింటాడు అనే వరస నచ్చింది. కాకపోతే పళ్ళ మాట చివర్లో తప్ప ఎక్కడా లేదు, సమస్యకి ముడి కొంచెం వదులు.

వెక్కిరింత: అందరూ దంతాల్లోనే ఇరుక్కున్నారు, పండ్లంటే తినేవి కూడానండోయ్.
*చక్రముద్ర గల్గు సంచితో నరుదెంచి*
*రోగులకిడినారు రొట్టె పండ్లు*
*తాము ముట్టకుండ దానమిచ్చిరి గదా*
*కఱవనట్టి పండ్లె కడుపు నింపు*

మిల్లుమాస్టారు: హహ, ఫోటోగ్రాఫర్‌ని మర్చిపోయావురా అబ్బాయ్!

పాతపంచాంగం: ఈ వారం నా ఓటు దీనికే. నిర్వాహకులకి ఒక ప్రశ్న, ప్రథమ మీద పరుషం కదా, "పండ్లె గడుపు" అనక్కర్లేదా?

గోదారిగట్టు: గసడదవాదేశం (ఇక్కడ క గ అవడం) బహుళమే కదండీ, రెండూ చెల్లుతాయి, క-గలకి యతి కూడా కుదురుతుంది.

కొత్తకలం: అన్నయ్యా మళ్ళీ ట్రై చేశా.
*ఆకులారు గదర యా బండి చక్రాన*

గోదారిగట్టు: శెభాష్, గణాలూ యతీ రెండూ పడ్డాయి. కానీ "గదర" ఎవర్నిరా, మాస్టార్నా? అక్కడ "సుమ్మి" పెట్టు. "బండి" తీసేసి "పండ్ల" అను, బండి చక్రానికి పదమూడని పొద్దున్నేగా చెప్పారు. మిగతా రెండు పాదాలు రాత్రికి పంపు.