చెస్960 ఆడితే మామూలు చెస్ పాడవుతుందా?

బంటు_తోసేద్దాం:
ఏడాదిగా ఆన్‌లైన్‌లో ఆడుతున్నా, ర్యాపిడ్‌లో రేటింగ్ 1400 దగ్గరే కొట్టుకుంటున్నా. తెల్లపావులొస్తే ఈ4 గడికి బంటు తోసి ఇటాలియన్, నల్లవైతే కారో-కాన్, రెండూ బట్టీ పట్టిన ఓపెనింగులే (ఆట మొదటి ఎత్తుల వరసలు), ఏడెనిమిది ఎత్తుల దాకా చెయ్యే ఆడేస్తుంది, బుర్రకు పనిలేదు. మొన్న ఆఫీసులో ఒకతను 960లోకి లాగాడు, అంటే వెనక వరస పావుల్ని ఆటాటకూ మార్చి పెట్టే చెస్. వెనక వరసంతా కలగాపులగం, ఎడమ నుంచి ఏనుగు, గుర్రం, గుర్రం, రాజు, ఏనుగు, మంత్రి, ఒంటె, ఒంటె. అలవాటుగా ఈ4 తోశా. అతను జీ6 అన్నాడు. ఎందుకన్నాడో చూడకుండా ఎఫ్4 తోశా. హెచ్8 మూల నుంచి ఒంటె సర్రున వచ్చి బీ2 బంటును తినేసింది, పక్కనే ఏ1లో నా ఏనుగు, కదలడానికి గడే లేదు. మూడో ఎత్తుకు ఏనుగు గోవిందా.
ఇది చెస్సా, లాటరీయా? మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, జిల్లా టోర్నమెంట్లకు వెళ్తోంది. తనకీ నేర్పొచ్చా?

రాత్రి_బ్లిట్జ్:
లాటరీ ఎక్కడిది బ్రో, ఇద్దరికీ వరస ఒకటే కదా. పైగా మొదటి ఎత్తు నీది. నువ్వే ముందు జీ3 తోసుంటే నీ హెచ్1 ఒంటె అతని బీ7 బంటు మీద పడేది, అక్కడా కాపలా లేదు! మామూలు చెస్‌లో మొదట్లో ప్రతి బంటుకూ ఎవరో ఒకరు కాపలా ఉంటారు, అందుకే చూడటమే మానేశాం. 960లో గడియారం నొక్కేముందు దిక్కులేని బంటు ఏదో వెతుక్కో, నీదీ, వాడిదీ.

లెక్కల_పిచ్చి:
960 ఎలా వచ్చిందంటే, ఒంటెలు వేరువేరు రంగు గళ్లలో ఉండాలి కాబట్టి 4×4, అంటే 16 రకాలు. మంత్రికి మిగిలిన గళ్లు 6. తర్వాత రెండు గుర్రాలకు 10 రకాలు. మిగిలిన మూడు గళ్లలో మధ్యలో రాజు, అటూ ఇటూ ఏనుగులు, అంతే. 16×6×10. మన మామూలు వరస కూడా అందులో ఒకటి, నంబరు 518. ఒకప్పటి ప్రపంచ చాంపియన్ బాబీ ఫిషర్ 1996లో దీన్ని ప్రకటించింది బట్టీ పట్టిన ఓపెనింగుల మీద విసుగుతోనే. అప్పటికి చెస్ ఆడే కంప్యూటర్ ఇంజిన్లు ఇంత ముదరలేదు, ఇప్పుడైతే ఆయన బాధ ఇంకా బాగా అర్థమవుతుంది.

పిల్లల_కోచ్:
పాపకు ఇప్పుడే వద్దండీ. అంటే పూర్తిగా వద్దని కాదు, నెలకో రెండు ఆటలు సరదాకి ఆడించండి. ఓపెనింగ్ అంటే బట్టీ అని అందరూ తిడతారు గానీ, ఒకే రకం పొజిషన్ వందసార్లు ఆడితేనే ఏ బంటు ఎప్పుడు తోయాలో, ఏ గుర్రం ఎక్కడ కూర్చోవాలో పిల్లలకు ఒంటబడుతుంది. ప్రతి ఆటా కొత్తదైతే దేన్ని గుర్తుపెట్టుకుంటారు? జిల్లా టోర్నమెంట్‌లో పెట్టేది 518నే.
మీరైతే ఆడండి. మీ జబ్బు వేరు, అవతలివాడి ఎత్తు చూడకుండా తోసేయడం. దానికి ఇది మంచి మందు.

రాత్రి_బ్లిట్జ్:
కోచ్ గారూ, పిల్లల సంగతి ఒప్పుకుంటా. కానీ పైస్థాయిలో కూడా వరస మారితే తేడా బాగానే కనిపిస్తుంది. 2019లో నార్వేలో జరిగిన ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) ఫిషర్ రాండమ్, అంటే 960 ఫైనల్లో అమెరికా ఆటగాడు వెస్లీ సో అప్పటి ప్రపంచ చాంపియన్ కార్ల్‌సన్‌ను అతని సొంతగడ్డ మీదే 13.5–2.5తో చితక్కొట్టాడు. మన వరంగల్ అర్జున్ ఇరిగేసి 2025 జులైలో లాస్ వేగస్ ఫ్రీస్టైల్‌లో (అదీ 960నే) సెమీస్ దాకా వెళ్లాడు, అక్కడ అరోనియన్ చేతిలో ఓడాడనుకోండి, చివరికి కప్పు కూడా అరోనియన్‌దే.

అరుగు_మీద_ఆట:
మా ఊళ్లో క్యాస్లింగ్ (ఒకే ఎత్తులో రాజునూ ఏనుగునూ జరపడం) అంటే ఎవరికీ తెలీదు, రాజు ఒక్కసారి గుర్రంలా గెంతొచ్చు, అదే రూలు. పట్నం వచ్చాక మీరు ఆడేదే నాకు వింత ఆటలా అనిపించింది. కొత్త వరస చూసి ఇది చెస్సేనా అంటుంటే నవ్వొస్తోంది.

బంటు_తోసేద్దాం:
థ్యాంక్స్ అందరికీ. రాత్రి ఇంకో నాలుగు ఆడా, ఒకటి గెలిచా. అది సరే, క్యాస్లింగ్ చేద్దామని రాజును ఎన్నిసార్లు జరిపినా యాప్ ఒప్పుకోదే, అరనిమిషం టైమ్ దానికే పోయింది. రాజును తీసుకెళ్లి సొంత ఏనుగు మీద పెట్టాలని ఒక్కరూ చెప్పలేదేంటండీ?

లెక్కల_పిచ్చి:
మేమూ టైమ్ పోగొట్టుకునే నేర్చుకున్నాం లెండి.