పద్నాలుగేళ్ళ పిల్లను స్కూలు మాన్పించి అథ్లెటిక్స్ హాస్టల్లో చేర్చొచ్చా?

కాడుగోడి_నాన్న | శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. బెంగళూరు తెలుగువాళ్ళలో ఆటల సంగతి తెలిసినవాళ్ళు ఉంటారని ఇక్కడ రాస్తున్నాను. మాది అనంతపురం దగ్గర పల్లె, పదకొండేళ్ళుగా కాడుగోడిలో ఉంటున్నాం. పాపకు 14, సీబీఎస్ఈలో తొమ్మిదో తరగతి. వంద మీటర్లు పరిగెడుతుంది, లాంగ్ జంప్ చేస్తుంది. మొన్నటి మీట్‌లో జంప్ 5.12 మీటర్లు, వంద మీటర్లు 12.5 సెకన్లు. వారానికి నాలుగు రోజులు పొద్దున అయిదింటి మొదటి మెట్రో ఎక్కి, కబ్బన్ పార్క్‌లో దిగి, కంఠీరవ స్టేడియానికి నడుస్తాం. మెట్రోలో తిననివ్వరు కాబట్టి తిరిగొచ్చాక స్టేషన్ బయట స్కూటర్ పక్కనే నిలబడి ఇడ్లీ తినేసి అటునుంచి అటే స్కూలుకు పోతుంది.

ఇప్పుడు కోచ్ ఏమంటున్నాడంటే, వచ్చే ఏప్రిల్ నుంచి ఊరవతల ఒక అకాడమీ హాస్టల్లో వేసేయండి, పది ఓపెన్ స్కూల్లో రాయిద్దాం, రోజుకు రెండు పూటలా ప్రాక్టీసు, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు అని. మా ఆవిడ ససేమిరా అంటోంది. నాకేమో లాంగ్ జంపర్ శైలీ సింగ్ గుర్తొస్తోంది. ఆ అమ్మాయి కూడా 14 ఏళ్ళకే ఝాన్సీ నుంచి ఇదే బెంగళూరుకు వచ్చింది, ఒకప్పటి లాంగ్ జంపర్ అంజూ బాబీ జార్జ్ వాళ్ళ దగ్గరికి. వాళ్ళమ్మ కుట్టుపని చేసుకుంటూ పెంచి పంపింది. 2021లో నైరోబీ అండర్-20 ప్రపంచ పోటీల్లో 6.59 దూకి రజతం తెచ్చింది, ఒక్క సెంటీమీటరులో స్వర్ణం పోయింది. ఆ తల్లి ఆ రోజు పంపకపోయుంటే? మీరైతే ఏం చేస్తారు?

పాత_స్పైక్స్ | రాత్రి 11:15

ముందు ఒకటి చెప్పండన్నా. ఆ 12.5 చేతి వాచీతోనా, ఎలక్ట్రానిక్‌తోనా?

కాడుగోడి_నాన్న | రాత్రి 11:18

చేతి వాచీతోనే. కోచ్ గారే నొక్కారు.

పాత_స్పైక్స్ | రాత్రి 11:52

అయితే 0.24 కలుపుకోండి. స్టార్ట్ అప్పుడు వేలు ఆలస్యంగా నొక్కుతుంది, ఫినిష్ దగ్గర మనిషి వస్తోందని ముందే తెలుసు కాబట్టి టక్కున నొక్కేస్తుంది. అంటే మీ పాప టైమింగ్ దాదాపు 12.74. ఏం తక్కువ టైమింగ్ కాదు, కానీ 12.5 అనుకుని జీవితాన్ని మార్చేసే నిర్ణయం తీసుకోకండి. జంప్‌కు గాలి కొలిచారా? సెకనుకు 2 మీటర్లకు మించి వెనక గాలి ఉంటే అది రికార్డుల్లో చెల్లదు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో హర్డిల్స్ 13.09లో పూర్తి చేస్తే గాలి 2.1 వచ్చింది. అంతే, చెల్లలేదు. మళ్ళీ నెలకు సైప్రస్‌లో 13.23 పరిగెత్తి, 2002 నుంచి ఉన్న 13.38 జాతీయ రికార్డు కొట్టింది. అప్పటికి ఆమెకు 22 ఏళ్ళు. ఇక అంజూ గారు ప్యారిస్‌లో ప్రపంచ కాంస్యం గెలిచింది 26 ఏళ్ళకు. 2004 ఏథెన్స్‌లో 27 ఏళ్ళకు దూకిన 6.83 జాతీయ రికార్డు ఇరవై ఏళ్ళు దాటినా చెక్కుచెదరలేదు. 14 ఏళ్ళకు ఏ బస్సూ వెళ్ళిపోదన్నా.

నేను యూనివర్సిటీ మీట్లలో 200 పరిగెత్తినవాణ్ని. 15 ఏళ్ళకు జిల్లాలో నన్ను కొట్టేవాడు లేడు. 19 ఏళ్ళకు తొడ వెనక కండరం మూడోసారి పట్టేసింది. ఇప్పుడు బెళ్ళందూరులో కోడ్ రాసుకుంటున్నా. అందుకే చెప్తున్నా.

గురుకులం_బ్యాచ్ | ఆదివారం ఉదయం 6:30

పాత_స్పైక్స్ అన్నా, సగం కథే చెప్పావు. జ్యోతి 22 ఏళ్ళకు రికార్డు కొట్టింది నిజమే. మరి అంతకుముందు ఏళ్ళు ఎక్కడ గడిపింది? హైదరాబాద్ హాస్టల్, గుంటూరు, తర్వాత భువనేశ్వర్. ఆ ఏళ్ళు లేకుండా 22 వచ్చేదా? వాళ్ళ నాన్న సెక్యూరిటీ గార్డు. ఇంట్లో ఉంచుకుని ఏ మెట్రోలో తిప్పేవాడు పాపం?

మా నందిని అగసర సంగతి చూడండి. నాన్న చాయ్ అమ్ముకునే మనిషి. ఆ పిల్ల తెలంగాణ గురుకులంలో చదివింది. 20 ఏళ్ళకు హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ (ఏడు అంశాల పోటీ) కాంస్యం, 2025లో కొరియాలోని గుమిలో 5,941 పాయింట్లతో ఆసియా ఛాంపియన్. హాస్టల్ అంటే ఏదో జైల్లాగా మాట్లాడతారు మీ సిటీవాళ్ళు. నేను అయిదు నుంచి ఇంటర్ దాకా హాస్టల్లోనే ఉన్న. పొద్దుగాల లేచినమా, గ్రౌండుకు పోయినమా, కోడిగుడ్డు తిన్నమా, క్లాసుకు పోయినమా. మీ పాప రోజూ రెండు గంటలు రైల్లోనే కూర్చుంటోంది. ఆ రెండు గంటలు నిద్రపోతే కాలు బాగుపడదా?

వైట్‌ఫీల్డ్_వేణు | ఉదయం 9:05

భావోద్వేగాలు పక్కన పెట్టి లెక్క చూద్దాం. కేంద్రం పథకం ఖేలో ఇండియాకు ఎంపికైతే చేతికి నెలకు 10,000 వస్తుంది. ఒలింపిక్ పతకాల కోసం కేంద్రం నడిపే టాప్స్‌లో డెవలప్‌మెంట్ గ్రూపుకు 25,000, కోర్ గ్రూపుకు 50,000. అక్కడిదాకా వెళ్ళేవాళ్ళు దేశం మొత్తం మీద ఎంతమంది? మిగతావాళ్ళు రైల్వే స్పోర్ట్స్ కోటా కోసం క్యూలో ఉంటారు. ఓపెన్ స్కూల్ పదితో కాలు విరిగిన పిల్ల 19 ఏళ్ళకు ఏం చేస్తుంది?

హిమా దాస్‌నే తీసుకోండి. 18 ఏళ్ళకు ఫిన్లాండ్‌లోని టంపెరెలో 400 మీటర్ల ప్రపంచ జూనియర్ స్వర్ణం, అదే ఏడాది జకార్తా ఆసియా క్రీడల్లో 50.79 సెకన్లు. దేశమంతా నెత్తిన పెట్టుకుంది. తర్వాత నడుం నొప్పి. ఆ 50.79 మళ్ళీ రాలేదు. శైలీ కూడా 2023 ఏప్రిల్‌లో ఇక్కడే బెంగళూరులో 6.76 దూకింది, 2025 గుమిలో 6.30తో కాంస్యం. ఇవి పైకి వచ్చినవాళ్ళ కథలండీ. కిందే ఉండిపోయినవాళ్ళ కథలు మనకు తెలియనే తెలియవు.

గురుకులం_బ్యాచ్ | ఉదయం 9:20

ఆసియా కాంస్యాన్ని ఫెయిల్యూర్ లిస్టులో వేసిన మొదటి మనిషి మీరే వేణు గారు. దండం.

వైట్‌ఫీల్డ్_వేణు | ఉదయం 9:31

ఫెయిల్యూర్ అనలేదు. గ్రాఫ్ ఎప్పుడూ పైకే పోదు అన్నాను.

పీటీ_మాస్టారు | ఉదయం 11:10

నెల్లూరు జిల్లా హైస్కూళ్ళలో 31 ఏళ్ళు పీటీ మాస్టరుగా చేసి, ఇప్పుడు కొడుకు దగ్గర హొరమావులో ఉంటున్నాను. ఎవరూ అడగని సంగతి ఒకటి అడుగుతాను బాబూ. పాప ఈ ఏడాదిలో ఎంత పొడవు పెరిగింది?

ఎందుకంటే, ఎముక ముందు పెరుగుతుంది, కండరం, నరం దాని వెనక నిదానంగా వస్తాయి. ఆ మధ్యకాలంలో మోకాలి చిప్ప కింద చిన్న బుడిపె లేస్తుంది, వేలితో నొక్కితే పిల్ల కెవ్వుమంటుంది. లాంగ్ జంప్‌లో బోర్డు మీద కాలు పెట్టినప్పుడు ఒంటి బరువుకు ఎన్నో రెట్లు ఆ ఒక్క మోకాలి మీద పడుతుంది. ఆ వయసులో రెండు పూటలా ఫుల్ రన్-అప్‌తో జంపులు చేయిస్తే బుడిపె కాస్తా ఏళ్ళ తరబడి నొప్పిగా మిగులుతుంది. ఇంకోటి. మగపిల్లలకు 14 దాటాక ఒళ్ళు గట్టిపడి వేగం దానంతటదే వస్తుంది. ఆడపిల్లలకు తుంటి వెడల్పయి, బరువు మారి, ఒకటి రెండేళ్ళు టైమింగ్ కదలదు, ఒక్కోసారి వెనక్కి కూడా పోతుంది. నా చేతి మీదుగా వెళ్ళిన ఆడపిల్లల్లో మంచివాళ్ళు చాలామంది సరిగ్గా అప్పుడే మానేశారు. కోచ్ "బద్ధకం పెరిగింది" అన్నాడు, ఇంట్లో "ఇక చాల్లే" అన్నారు. ఒళ్ళు సర్దుకుంటోందని ఆ పిల్లకు చెప్పిన మనిషి లేడు.

వయసు సంగతి కూడా చెప్పాలి. అండర్-16లో పాప పక్కన నిలబడ్డ పిల్లలందరికీ నిజంగా 16 లోపేనని నమ్మకండి. సర్టిఫికెట్ తగ్గించుకుని వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు, అందుకే మణికట్టు ఎక్స్‌రేలు తీస్తారు. కాబట్టి పతకం వచ్చిందా లేదా అన్నది కొలత కాదు. నిరుటి పాప కంటే ఈ ఏటి పాప ఎంత మేలో చూడండి.

కాడుగోడి_నాన్న | మధ్యాహ్నం 12:02

మాస్టారూ, ఏడాదిలో తొమ్మిది సెంటీమీటర్లు పెరిగింది. మీరు చెప్పినట్టే నొక్కి చూశాను. ఎడమ మోకాలి కింద నొప్పి ఉందంది. నెల రోజులుగా ఉందట, చెప్తే ప్రాక్టీసు ఆపేస్తామని చెప్పలేదట. టేకాఫ్ కాలు అదే.

పీటీ_మాస్టారు | మధ్యాహ్నం 12:10

జంపులు ఈ రోజే ఆపించండి. ఎముకల డాక్టరుకు చూపించండి. ఆయన సరేనన్నాకే మెల్లగా పరుగు మొదలుపెట్టనివ్వండి. భయపడాల్సింది కాదు, కానీ నిర్లక్ష్యం చేసేదీ కాదు.

చెన్నై_చలపతి | మధ్యాహ్నం 1:45

చెన్నై నుంచి ఒక మాట. ఆస్ట్రేలియా కుర్రాడు గౌట్ గౌట్‌ను చూశారా? 2024 డిసెంబరులో 16 ఏళ్ళకు 200 మీటర్లు 20.04లో పరిగెత్తాడు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో పీటర్ నార్మన్ చేసిన 20.06 అప్పటిదాకా వాళ్ళ జాతీయ రికార్డు. అలాంటివాడు కూడా అప్పుడు ఇప్స్‌విచ్‌లో మామూలుగా స్కూలుకు వెళ్తూనే ఉండేవాడు. మనకెందుకండీ ఈ తొందర?

గురుకులం_బ్యాచ్ | మధ్యాహ్నం 2:00

వాళ్ళ స్కూల్లో సాయంత్రం పరిగెత్తడానికి చోటుంటుంది అన్నా. మా బాబు స్కూల్లో బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది, ఇప్పుడక్కడ బస్సులు పెడుతున్నారు. స్కూలు మానొద్దు అనడం తేలిక. ఏ స్కూలు?

చెన్నై_చలపతి | మధ్యాహ్నం 2:12

శ్రీశంకర్ సంగతేంటి మరి? లాంగ్ జంప్‌లో 8.41 దూకినవాడు. పాలక్కాడ్‌లో ఇంట్లోనే ఉండి, నాన్న దగ్గరే నేర్చుకున్నాడు.

గురుకులం_బ్యాచ్ | మధ్యాహ్నం 2:15

ఆ నాన్న దేశం తరఫున ట్రిపుల్ జంప్ చేసిన మనిషి. ఈ నాన్న గారిని అడగండి, ఆయన ఏం దూకారో.

కాడుగోడి_నాన్న | మధ్యాహ్నం 2:20

నేను మెట్రో గేటు దూకినవాణ్ని కూడా కాదమ్మా.

పేరు_వద్దు | సాయంత్రం 5:40

నవ్వుల మధ్యలో ఇది రాయాలనిపించలేదు, కానీ రాస్తున్నాను. మా తమ్ముడు 16 ఏళ్ళకు ఒక ప్రైవేటు అకాడమీలో ఉండేవాడు. ఏ ఊరో, ఏ అకాడమీనో అడక్కండి. పెద్ద పోటీలకు ముందు అందరికీ స్టీలు గ్లాసులో తెల్లటి పొడి కలిపి ఇచ్చేవారు. డబ్బా మీద లేబుల్ చింపేసి ఉండేది. ఇదేంటని అడిగితే "గ్లూకోజు" అనేవారు. సెలవులకు వచ్చినప్పుడు వాడి ముఖం నిండా మొటిమలు, చిన్న మాటకే కోపం. అమ్మ వాణ్ని మళ్ళీ పంపలేదు. 2023లో మన దేశంలో పరీక్షించిన 5,606 శాంపిళ్ళలో 3.8 శాతం పాజిటివ్. అదే ఏడాది ఢిల్లీ రాష్ట్ర మీట్‌లో డోపింగ్ పరీక్షలవాళ్ళు వచ్చారని తెలియగానే వంద మీటర్ల ఫైనల్‌కు ఒక్కడే మిగిలాడు. హాస్టల్‌కు వెళ్తే ముందు వంటింట్లోకి, మందుల అలమరాలోకి తొంగి చూడండి. ట్రాక్ తర్వాత చూడొచ్చు.

పాత_స్పైక్స్ | సాయంత్రం 6:05

ఇది రాసినందుకు థాంక్స్. ఆ వయసులో మాకూ ఇలాగే ఏదో ఇచ్చేవారు, మేం అడగనుకూడా లేదు.

కాడుగోడి_నాన్న | తర్వాతి ఆదివారం రాత్రి 9:15

నేను వాళ్ళావిడనండీ. ఆయన ఫోన్లోంచే రాస్తున్నాను. మీ మాటలన్నీ చదివాను.

ఇవాళ ఆ హాస్టల్‌కు ఇద్దరం వెళ్ళాం. ఈయన ఇదివరకు ఒకసారి వెళ్ళి ట్రాక్ ఫోటోలు తీసుకొచ్చారు, అంతే. గదికి ఆరుగురు. వార్డెన్ సాయంత్రం ఏడింటికి ఇంటికి వెళ్ళిపోతుంది. రాత్రి పిల్లకు జ్వరం వస్తే ఎవరు ఆస్పత్రికి తీసుకెళ్తారంటే, సెక్యూరిటీ అతను ఉంటాడన్నారు. ఫిజియో వారానికి ఒకసారి వస్తాడట. నెలసరి రోజుల్లో ప్రాక్టీసు ఏమైనా తగ్గిస్తారా అని అడిగితే కోచ్ నేల చూశాడు. వంటింట్లో పొడి డబ్బాలేం లేవు, అది మాత్రం చెప్పాలి. మెట్ల మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది, పదిహేడేళ్ళుంటాయి. కాగితం కప్పులో నీళ్ళు గడ్డ కట్టించి, అంచు చింపి, ఆ ఐసుతో తన ముంగాలు తానే రుద్దుకుంటోంది. రోజూ ఇంతేనా అంటే, "అలవాటైపోయింది ఆంటీ" అంది కన్నడంలో. ఆ పిల్లది రాయచూరట, ఇంటికి వెళ్ళి ఏడు నెలలైందట.

ఈ ఏడాది పంపడం లేదు. డాక్టరు ఆరు వారాలు జంపులు వద్దన్నాడు, మెల్లగా పరుగు పర్వాలేదన్నాడు. స్కూల్లో మాట్లాడితే వారానికి మూడు రోజులు మొదటి పీరియడ్‌కు ఆలస్యంగా రావడానికి లెటర్ ఇమ్మన్నారు. నేను ససేమిరా అన్నానని ఈయన రాశారు. నేనన్నది ఆట వద్దని కాదు.

గురుకులం_బ్యాచ్ | రాత్రి 9:40

అక్కా, వార్డెన్ ఏడింటికి ఇంటికి పోయే హాస్టల్‌ను నేను కూడా హాస్టల్ అనను. కానీ నా మాట మీదే ఉన్న. స్కూలు, హాస్టల్, ట్రాక్ మూడూ ఒకే చోట ఉన్నవి వెతకండి, బళ్ళారి వైపు కూడా చూడండి. పాపకు 16 వచ్చేసరికి ఈ మెట్రో తిరుగుడు సరిపోదు.

వైట్‌ఫీల్డ్_వేణు | రాత్రి 9:52

ఈ ఒక్కదాంట్లో గురుకులం గారితో ఏకీభవిస్తున్నాను. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

పాత_స్పైక్స్ | రాత్రి 10:10

వదినా, ఆరు వారాలయ్యాక ఒక శనివారం కంఠీరవకు నేనూ వస్తాను. మా ఫ్రెండు దగ్గర సెన్సర్లతో పనిచేసే టైమింగ్ సెట్ ఉంది, తెప్పిస్తాను. వంద మీటర్లు సరిగ్గా ఎంతో చూసేద్దాం.

కాడుగోడి_నాన్న | రాత్రి 10:14

తప్పకుండా రండి. పాప పక్కనే ఉంది, ఆ సెట్‌కు కూడా 0.24 కలపాలా అని అడుగుతోంది.