అమ్మ దుబాయ్ ప్రయాణం: నెయ్యి, ఆవకాయ, కురిడి కొబ్బరి ఏ సంచిలో పెట్టాలి?

ప్రశ్న – కొబ్బరితోట

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర పల్లె. దుబాయ్‌లో ఉన్న మా చెల్లెలికి వచ్చే నెలలో పురుడు. మా అమ్మ మొదటిసారి విమానమెక్కి, రాజమహేంద్రవరం నుంచి హైదరాబాదు మీదుగా ఒంటరిగా వెళ్లి, మూడు నెలలు ఉండి వస్తుంది. బాలింతకు పెట్టే కాయం మందు, రెండు కిలోల నెయ్యి, ఆవకాయ, ఆత్రేయపురం పూతరేకులు, పది కురిడి (ఎండు కొబ్బరి) కాయలు, గసగసాలు, తాంబూలానికి తమలపాకులు ఇప్పటికే సర్దిపెట్టింది. పెద్ద పెట్టెలో వేస్తే డబ్బా సొట్టపడి కారిపోతుందన్న భయంతో నెయ్యిని మాత్రం చేతి సంచిలోనే పెట్టుకుంటానంటోంది. అది కుదురుతుందా? తిరిగి వచ్చేటప్పుడు చెల్లెలు బంగారు గాజులు కొనిపెడతానంటోంది, వాటికి సుంకం పడుతుందా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు – గౌతమి ఒడ్డు

నెయ్యి చేతి సంచిలో కుదరదండి. ద్రవాలు ఏవైనా ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లకు మించకూడదు, అవన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శకమైన జిప్ సంచిలో ఇమడాలి. లండన్ నుంచి వెళ్లే విమానాలను ద్రవ పేలుడు పదార్థాలతో పేల్చేయాలన్న కుట్ర 2006 ఆగస్టులో బయటపడ్డాక ఈ నియమం ప్రపంచమంతా వచ్చింది. ఇక్కడ చూసేది సీసా పరిమాణాన్ని, అందులో ఉన్న సరుకును కాదు. 200 మిల్లీలీటర్ల సీసాలో సగమే ఉన్నా ఆపేస్తారు. పేరిన నెయ్యినీ ద్రవం కిందే లెక్కిస్తారు. నూనె తేలే ఆవకాయ, నేతితో కలిపిన కాయం ముద్ద కూడా అంతే. మా అత్తగారు కాచి ఇచ్చిన అరకిలో నెయ్యి సీసాను ఒక విమానాశ్రయంలో తనిఖీ బల్ల దగ్గరే వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది.

పెద్ద పెట్టెలోనే పెట్టండి, కానీ సర్దే పద్ధతి ఉంది. నెయ్యి బాగా పేరాక మరచుట్టు మూత ఉన్న డబ్బాలో అంచుకు రెండు వేళ్లు తక్కువగా నింపి, మూత చుట్టూ టేపు వేసి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, పాత నూలు చీరలో చుట్టి పెట్టె నడిమధ్యన పెట్టండి. పూతరేకులు మాత్రం చేతి సంచిలోనే క్షేమం, పెట్టెలో అయితే పొడైపోతాయి.

కురిడి మాత్రం పూర్తిగా తీసేయించండి. కొబ్బరి గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదనుకుంటాం గానీ, నూనె శాతం ఎక్కువగా ఉన్న ఎండు కొబ్బరి తనంతట తాను వేడెక్కి అంటుకోగలదని అంతర్జాతీయ విమానయాన నిబంధనలు దానిని ప్రమాదకర సరుకుల్లో చేర్చాయి. మన దేశంలోనూ 2022లో నిషేధిత సామాన్ల జాబితాలో చేరింది. కర్పూరం కూడా వద్దు.

జవాబు – అఖాతం గాలి

అక్కడ దిగాక ఏమవుతుందన్నది ఇంకా ముఖ్యమండి. గసగసాలు మనకు మసాలా, దుబాయ్ ఉన్న ఎమిరేట్స్ దేశంలో మాత్రం అవి మాదకద్రవ్య చట్టం పరిధిలోకి వస్తాయి. సౌదీలోనూ అనుమతి లేదు. తెలియక తెచ్చామన్నా అధికారులు వినాల్సిన పని లేదు కాబట్టి, మసాలా పొడిలో కలిపి ఉన్నా సరే తీసేయండి. దుబాయ్ కస్టమ్స్ తమలపాకులనూ నిషేధించింది. బాలింత తాంబూలం అక్కడ మానుకోవాల్సిందే. అమ్మగారు వాడే మాత్రలను డాక్టరు చీటీతో సహా, అసలు పట్టీల్లోనే తీసుకెళ్లాలి. కోడీన్, ట్రామడాల్ వంటివి ఉంటే ముందుగా అక్కడి ప్రభుత్వ అనుమతి అవసరం.

జవాబు – వశిష్ఠ

గాజుల సంగతి చెబుతాను. మహిళలకు 40 గ్రాములు, ఇతరులకు 20 గ్రాముల నగలకు సుంకం లేదన్న మాట మన ఊళ్లలో అందరి నోటా వినిపిస్తుంది. అది ఏడాదికి మించి విదేశంలో నివసించి తిరిగి వచ్చేవారికే. మూడు నెలలకు వచ్చే మీ అమ్మగారికి అది వర్తించదు. మామూలు ప్రయాణికుల సామాన్లకు 2016 నిబంధనల్లో రూ.50,000గా ఉన్న సుంకరహిత పరిమితి 2026 ఫిబ్రవరిలో రూ.75,000 అయింది. నేటి ధరలకు ఒక జత గాజులు దానిని సులువుగా దాటేస్తాయి కాబట్టి, బిల్లు చేతిలో పెట్టుకుని, సుంకం కట్టాల్సిన సామాన్లు ఉన్నవారు వెళ్లే ఎర్ర దారిలోనే (రెడ్ ఛానెల్) వెళ్లి, ఉన్నది ఉన్నట్టు చెప్పి సుంకం కట్టమనండి. బంగారు నాణేలు, బంగారు బిస్కెట్లు అసలు కొననే వద్దు.

ఇంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. అమ్మగారు నానుతాడో, కాసులపేరో వేసుకుని వెళ్తారు కదా. తిరిగి వచ్చేటప్పుడు అవి అక్కడే కొన్నవని అనుమానం రాకుండా, హైదరాబాదులో అంతర్జాతీయ విమానం ఎక్కే ముందే కస్టమ్స్ అధికారులకు చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవచ్చు. నగల ఫొటోలు, బిల్లులు, బిల్లు లేని పాతవాటికి విలువ కట్టించిన కాగితం వెంట ఉంచుకుని, మామూలుగా చేరే సమయం కంటే ఓ గంట ముందే చేరుకోమనండి.

కొబ్బరితోట

అందరికీ కృతజ్ఞతలండి. కురిడి, గసగసాలు, ఆకులు తీసేశాం. నెయ్యి పెద్ద పెట్టెలోకి మారింది, చుట్టడానికి అమ్మే తన పాత చీర తెచ్చి ఇచ్చింది. నానుతాడుకు బిల్లు లేదు, రేపు అమలాపురం వెళ్లి తూకం వేయించి విలువ రాయించుకుంటాం.