డ్రిప్పు రాయితీ: ఉమ్మడి అనంతపురంలో నీళ్లు మిగిలాయా?

మెట్టసేద్యం: 2003లో సూక్ష్మసేద్య పథకం మొదలైనప్పటి నుంచి డ్రిప్పుకు రాయితీ ఇస్తున్నారు. అయిదెకరాల లోపు రైతుకు 90 శాతం. నీటి పొదుపు కోసమే అంటారు. మా మండలంలో బోర్ల లోతు మాత్రం పెరుగుతూనే ఉంది. ఆ డబ్బు చెరువుల పూడికతీతకు పెట్టాలని నా వాదన.

చీనీతోట: 90 శాతం అన్న మాటే తప్పు. రాయితీకి గరిష్ఠ పరిమితి ఉంది, ఆపైన అయ్యేదంతా రైతే భరించాలి. నేను వాటా కట్టిన తర్వాత సామాను వచ్చేసరికి అదను దాటిపోయింది. ఇక నీటి సంగతి. చేలో కాలువలు తీసి నీళ్లు వదిలే కాలువ పారకంలో రెండెకరాలు తడిపిన బోరు ఇప్పుడు నాలుగెకరాలు తడుపుతోంది. ఇది పొదుపు కాదా?

మెట్టసేద్యం: నేను చెప్పేదీ అదే. ఎకరాలు పెరిగాయి, తోడే నీళ్లు తగ్గలేదు. 2004 నుంచి కరెంటు ఉచితం, కరెంటు ఉన్నంతసేపూ మోటారు నడుస్తుంది. పైగా కాలువ పారకంలో కొంత నీరు మళ్లీ భూమిలోకి ఇంకేది. డ్రిప్పుతో అదీ పోయింది.

పైపులరైతు: మొక్కల వరసల వెంట పరిచే లేటరల్ పైపులను ఉడుతలు కొరికేస్తున్నాయి. మళ్లీ రాయితీ కావాలంటే ఏడేళ్లు ఆగాలి. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?

చీనీతోట: ముందు ఆ 90 శాతం మాట సరిదిద్దండి. కరువులో ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి చెట్లు బతికించుకున్నాం. చీనీ (బత్తాయి) చెట్టు కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. డ్రిప్పు లేకపోతే తోట నరుక్కునేవాణ్ణి. పొలంలో అడుగుపెట్టని వారికి ఇవి తెలియవు.

మెట్టసేద్యం: పొలంలో అడుగుపెట్టలేదా? పక్క పొలం వాళ్లు రాయితీ డ్రిప్పుతో దానిమ్మ పెట్టి, మాకంటే లోతుకు బోరు వేశారు. మా నాన్న వేసిన బోరు ఆ వేసవికే ఎండిపోయింది. బోర్ల తవ్వకాన్ని నియంత్రించే 2002 నాటి వాల్టా చట్టం ఉందని ఫిర్యాదు చేస్తే చూడటానికైనా ఎవరూ రాలేదు. ఇప్పుడు వాననే నమ్మి వేరుశనగ వేస్తున్నాం. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడే నేల ఇది. బోరు ఉన్నవాడికి రాయితీ, బోరు పోయినవాడికి ఏమీ లేదు.

కౌలుసాగు: నాకు భూమే లేదు. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకిచ్చే సాగు హక్కు పత్రానికి యజమాని సంతకం పెట్టాలి, అదీ 11 నెలలకే. ఏళ్ల తరబడి ఉండే డ్రిప్పు నా పేరున ఎలా వస్తుంది?

చీనీతోట: అంటే మీ గొడవ డ్రిప్పుతో కాదు, బోరుతో. అప్పు చేసి వేసిన బోరు నాది. నీళ్లూ నావే.

మెట్టసేద్యం: బోరు మీదే. నీళ్లు మీవెలా అవుతాయి? వాన నా చేలోనూ పడింది, అదే కిందికి ఇంకింది. జిల్లాలో కొన్ని ఊళ్లలో రైతులు బోర్లన్నీ ఒకే పైపులైనుకు కలిపారు. కొత్త బోర్లు వేయబోమని రాసుకుని, ఎండుతున్న మెట్ట పంటకు కీలక తడి ఇచ్చారు. రాయితీ తీసుకునే ప్రతి రైతూ అలా రాసివ్వాలి.

చీనీతోట: మా బోరు నీళ్లు వేసవిలో చెట్లకే చాలవు. ఎవరికి ఎన్ని తడులో, ఏ నెలలోనో ముందు రాయండి. అది చూడకుండా నేను సంతకం పెట్టను.

కౌలుసాగు: ఆ కాగితంలో కౌలు రైతు పేరు కూడా ఉంటుందా?