కాపరి తర్వాత కాపరి కొడుకేనా?

పీలేరు పెద్ద:
అందరికీ వందనాలు. సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) గానీ, మన తిరుపతిలోనే ప్రధాన కార్యాలయమున్న సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చిలో గానీ ఒక అయ్యగారు (సంఘ కాపరి, అంటే పాస్టర్) రిటైరైతే పైనుంచి ఇంకొకరిని వేస్తారు. ఏ మిషన్ కిందా లేని ఇండిపెండెంట్ సంఘాలకు ఆ ‘పైన’ ఎవరూ లేరు. సంఘం కట్టిన కాపరి ముసలాయన అయ్యాక కొడుకును కూర్చోబెట్టడం సబబేనా? మంచి కాపరిని దేన్నిబట్టి గుర్తుపట్టాలి? బైబిల్ వాక్యమూ రాయండి, ఆచరణా రాయండి. ఎవరి పేర్లూ వద్దు.

లీలామహల్ సర్కిల్:
సబబే. కొడుకైనంత మాత్రాన అనర్హుడా? చిన్నప్పట్నుంచీ తండ్రి వెంట గృహకూడికలకు తిరిగినోడికి ఏ ఇంట్లో అప్పుంది, ఏ ఇంట్లో తాగుడుంది, ఏ అత్తాకోడళ్లకు మాటల్లేవు, అన్నీ తెలుసు. బైబిల్ కాలేజీ నుంచి దిగినాయనకు అవి తెలిసొచ్చేసరికి ఏళ్లు పడతాయి. అయినా కూలి చేసుకునే నలభై కుటుంబాల సంఘానికి బయటి నుంచి ఎవరొస్తారప్పా? కానుకల్లోంచి కరెంటు బిల్లు, మైకుసెట్టు రిపేరు పోతే మిగిలేది ఇంటి బాడుగకు చాలదు.

లెక్కల బ్రదర్:
అన్నా, తెలిసినవాడు కావడం మంచిదే. కానీ చాలాచోట్ల కొడుకును కాపరిని చేసేది స్థలం దస్తావేజు. మందిరం స్థలం తండ్రి పేరిట రిజిస్టరై ఉంటుంది. ఆయన వీలునామా రాయకుండా పోతే 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం 33వ సెక్షన్ ప్రకారం భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు. చందాలతో కొన్నామని కోర్టులో రుజువు చేసుకునే భారం సంఘం నెత్తిన పడుతుంది. బయటివాణ్ణి తెచ్చుకుంటే గేటుకు తాళం పడుతుందేమోనన్న భయంతోనే పెద్దలు కొడుకు తలమీద చేతులుంచి కాపరిగా నియమిస్తారు.

కాబట్టి కొడుకా, బయటివాడా అనే మాటకు ముందే, తండ్రి బతికుండగానే స్థలం సంగతి తేల్చాలి. 2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు కలిసి సొసైటీ పెట్టుకోవచ్చు. తప్పు జరిగేది ఇక్కడే. ఆ ఏడుగురూ అయ్యగారు, అమ్మగారు, కొడుకులు, కోడళ్లు, అల్లుడు అయితే ఆస్తి ఇల్లు దాటనట్టే. కమిటీలో ఒక కుటుంబం నుంచి ఒక్కరే ఉండాలని బైలాలో రాయించండి. తర్వాత సొసైటీ పేరిట దానపత్రం. అది ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టర్ కావాలి, నోటరీ కాగితం చెల్లదు.

డబ్బు సంగతికొస్తే, పుల్పిట్ పక్కన అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఏ పేరు వస్తుందో చూడండి. కొడుకు పేరొస్తే వారసత్వం ఎప్పుడో అయిపోయింది, మనం ఇక్కడ ఊరికే కొట్లాడుకుంటున్నాం. ఆరాధన ముగిశాక అక్కడే, కాపరి బంధువులు కాని ఇద్దరు కానుక లెక్కపెట్టాలి. 500వి ఎన్ని, 100వి ఎన్ని అని పుస్తకంలో రాసి సంతకాలు పెట్టి సోమవారం బ్యాంకులో కట్టాలి. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పోగైన చందాను పౌలు ఒక్కడే మోసుకుపోలేదు. తీతుతో పాటు సంఘాల మెప్పు పొందిన సహోదరులను పంపాడు, తనమీద నింద రాకూడదని (2 కొరింథీ 8). పౌలుకే అక్కర పడింది, మన అయ్యగార్లకు పడదా?

సండే స్కూల్ టీచర్:
బ్రదర్, లెక్కలు సరిగ్గా ఉన్నంత మాత్రాన కాపరి అయిపోడు. 1 తిమోతి 3 చూడండి. నైపుణ్యమంటూ అడిగింది బోధించగలగడం ఒక్కటే, మిగతావన్నీ దాదాపు నడవడికే. ఎక్కువమంది దాటేసేది 7వ వచనం, బయటివాళ్ల సాక్ష్యం. తిరుపతిలో బయటివాళ్లంటే రోజూ కొండకు దండం పెట్టుకునే ఇరుగుపొరుగే. అభ్యర్థి గురించి చిల్లరంగడిలో అడగండి, ఇంటి ఓనరును అడగండి. రాత్రి 10 దాటినా మైకు ఆపనివాడికి, పక్కింటి దేవుణ్ణి తిట్టి చప్పట్లు కొట్టించుకునేవాడికి ఆ సాక్ష్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇంకొకటి, రోగుల దగ్గర ఎలా ఉంటాడో చూడండి. టీబీ మందులు కనీసం 6 నెలలు వాడాలి, కానీ రెండు నెలలకే దగ్గు తగ్గి ఆకలి పుడుతుంది. సరిగ్గా అప్పుడే ‘స్వస్థత అయింది, మాత్రలు మానెయ్’ అనేవాడు తయారవుతాడు. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెట్టి మందులకు లొంగకుండా పోవచ్చు. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. నూనె రాసి ప్రార్థన చేయమని యాకోబు 5లో ఉంది, మందు ఆపమని ఎక్కడుంది? ప్రార్థన చేసి, రుయా ప్రభుత్వాసుపత్రికి తోడెళ్లి ఓపీ చీటీ రాయించేవాడు కొడుకైతే ఏంటి, కాకుంటే ఏంటి!

లీలామహల్ సర్కిల్:
సిస్టర్ చెప్పినదానికి నేను ఎదురు చెప్పను. లెక్కల బ్రదర్‌కే నా ప్రశ్న. కమిటీ పెడితే అంతా బాగుంటుందా? పెద్ద మిషన్ సంఘాల్లో ఎన్నికలొస్తే కులాలు, గ్రూపులు, కోర్టు స్టేలు మనం చూడనివా? కొడుకు వస్తే కనీసం కొట్లాట ఉండదు.

లెక్కల బ్రదర్:
కొట్లాట ఉండదు, నిజమే. అడిగేవాడూ ఉండడు. సమూయేలు ప్రవక్తంతటి వాడి కొడుకులే లంచాలు తిన్నారు (1 సమూయేలు 8). అప్పుడు ఇశ్రాయేలు పెద్దలు సమూయేలు ముఖానే ఆ మాట చెప్పగలిగారు. మన సంఘాల్లో ఆ పెద్దలేరీ? సువార్తికుడు భక్త్ సింగ్ గారు మొదలుపెట్టిన సహవాసాల్లో (సంఘాల్లో) లాగా పెద్దల గుంపు కలిసి నడిపించే పద్ధతీ ఉంది. ఒక్కడి కిందే అన్నీ ఉండాలని వాక్యమేం చెప్పలేదు.

సండే స్కూల్ టీచర్:
కాపరి కింద సేవచేసే పరిచారకులనే మొదట పరీక్షించమన్నాడు పౌలు, కాపరిని పరీక్షించొద్దా? కొడుకునే అనుకున్నా ఒక ఏడాది వేరే ఊరి సంఘంలో, తండ్రి పేరు తెలియనిచోట పనిచేయించండి. తిరిగొచ్చాక ఆ ఊరి పెద్దలను పిలిపించి సంఘం ముందే అడగండి. పిల్లల క్లాసు తీసుకున్నాడా, ముసలివాళ్ల ఇళ్లకు పోయాడా, చేబదుళ్లు అడిగాడా. చేతులుంచడం ఆ తర్వాతే. తొందరపడి ఎవరిమీదా చేతులుంచొద్దని 1 తిమోతి 5:22.

లీలామహల్ సర్కిల్:
దీనికి సరే. ఆ ఏడాది అతని ఇంటి ఖర్చు ఏ సంఘం పెట్టుకోవాలో కూడా తీర్మానంలో రాయండి. లేకుంటే మూడో నెలకే తండ్రి దగ్గరికి వచ్చేస్తాడు.