లాబ్రడూడుల్ కొనాలా, లాబ్రడార్ కొనాలా? మా ఆవిడకి కుక్క బొచ్చు పడదు

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మా పాప ఎనిమిదో తరగతి, రెండేళ్ల నుంచి కుక్క కావాలని ప్రాణం తీస్తోంది. మా ఆవిడకి చలికాలం వచ్చిందంటే ఆయాసం, ఇన్‌హేలర్ పక్కనే ఉండాలి, అందుకని ఇన్నాళ్లూ ఏదో ఒకటి చెప్పి దాటేస్తూ వచ్చాను. ఇప్పుడు పాప ఫోన్‌లో చూసి లాబ్రడూడుల్ అని పట్టుకుంది. లాబ్రడార్‌కీ, ఉంగరాల బొచ్చుండే పూడుల్‌కీ పుట్టిందట, బొచ్చు రాలదట, ఎలర్జీ రాదట. బెంగళూరులో ఒకాయన్ని అడిగితే అరవై వేలన్నాడు, సగం ముందే కొడితే నలభై రోజుల పిల్లని రైల్లో విశాఖ దాకా పంపిస్తాడట. అదే లాబ్రడార్ పిల్లని విజయనగరంలో పన్నెండు వేలకే ఇస్తామంటున్నారు, వంశం చెప్పే పేపర్లు మాత్రం లేవు. మా అమ్మేమో "అరవై వేలెట్టి కుక్కా? ఆ డబ్బుకి పాడిగేదె వస్తాది కదరా" అంటోంది. పెంచినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

కంటోన్మెంట్ కుర్రోడు (విజయనగరం)

అన్నా, మా ఇంట్లో గోల్డెన్‌డూడుల్ ఉంది, గోల్డెన్ రిట్రీవర్‌కీ పూడుల్‌కీ పుట్టింది, మూడేళ్లు. దాని మీద ప్రేమతోనే చెప్తున్నా, బొచ్చు రాలదు అన్న మాట సగమే నిజం. రాలిన బొచ్చు నేల మీద పడకుండా ఒంటి మీదే ఉంగరాల్లో ఇరుక్కుంటుంది, రోజూ దువ్వకపోతే జడలు కట్టేస్తుంది. మొన్న వానల్లో నాకు డ్యూటీలు ఎక్కువై పది రోజులు దువ్వలేదు. పైకి చూస్తే ముద్దుగా దూది బొమ్మలా ఉంది, చెవి వెనక వేలు పెడితే కొబ్బరి పీచు చాపలా గట్టిగా తగిలింది. దువ్వెన దిగదు, లాగితే కుయ్యోమంటుంది. చివరికి ట్రిమ్మర్ పెట్టి గీకిస్తే లోపల చర్మం ఎర్రగా కందిపోయి, మూడు పిడుదులు నిక్షేపంగా కాపురం చేస్తున్నాయి. మన సముద్రపు గాలి ఉక్కకి ఆ బొచ్చు తడిస్తే ఒక పట్టాన ఆరదు. సరిగ్గా కత్తిరించేవాళ్లు ఇక్కడ నాకు దొరకలేదు, నెలన్నరకోసారి వైజాగ్ తీసుకెళ్తున్నా. కుక్క కంటే నా బండి పెట్రోలే ఎక్కువ తింటోంది. గుణం మాత్రం బంగారం, అందులో వంక పెట్టను.

బొబ్బిలి అక్క

అసలు ఈ డూడుల్, కాకపూ (కాకర్ స్పానియల్‌కీ పూడుల్‌కీ పుట్టింది) అన్నవి ఏటండీ, మన వీధి కుక్కల్లాగే కలగాపులగం, కాకపోతే ఇంగ్లీషు పేరూ అరవై వేల బిల్లూ. నేనైతే జాతి కుక్కే అంటాను. పుట్టిన పిల్ల ఎంత పెరుగుతుందో, ఎలా ఉంటుందో ముందే తెలుస్తుంది. కానీ పేపర్లు లేని లాబ్రడార్ జోలికి పోకండి బాబూ. మేము అలాగే చవగ్గా వచ్చిందని తెచ్చుకున్నాం. రెండేళ్లు తిరక్కుండానే మెట్లెక్కడం మానేసింది, లేచేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతేది. ఎక్స్‌రే తీయిస్తే తుంటి కీలు గిన్నెలో సరిగా కూర్చోలేదన్నారు. తల్లి ఎవరో తండ్రి ఎవరో అమ్మినాయన చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇప్పుడు దానికి బరువు పెరగనివ్వకుండా కొలిచి పెట్టడమే మా పని, అది మా ముఖం చూస్తూ కూర్చుంటుంది.

గరివిడి స్టూడెంట్

నేను వెటర్నరీ చదువుతున్నాను, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తా, తిట్టుకోకండి.

ముందు ఎలర్జీ సంగతి. తుమ్ములు తెప్పించేది బొచ్చు కాదండి, కుక్క ఉమ్మిలో, చర్మం పొట్టులో ఉండే ప్రోటీన్లు. బొచ్చు రాలని కుక్క కూడా నాకుతుంది, దానికీ చర్మం ఉంది. 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు రకరకాల జాతుల బొచ్చులో ఆ ప్రోటీన్ కొలిస్తే, ఎలర్జీ రాదని అమ్మే జాతుల్లో, లాబ్రడూడుల్‌తో సహా, తక్కువేమీ లేదు, పైగా ఎక్కువే ఉంది. లాబ్రడూడుల్ మొదటి కథ కూడా ఇదే. 1989 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో గైడ్ డాగ్‌లు తయారుచేసే సంస్థలో వాలీ కాన్‌రన్ అనే ఆయన, హవాయిలో ఉన్న ఒక అంధురాలి కోసం ఈ క్రాస్ చేశాడు, ఎందుకంటే ఆమె భర్తకి కుక్కలు పడవు. మూడు పిల్లలు పుడితే ఆ భర్తకి పడింది ఒక్కటే. ఒకే ఈతలో అలా ఉంటే, బెంగళూరాయన ఫోన్‌లో గ్యారంటీ ఎలా ఇస్తున్నాడు? తర్వాత జనం డబ్బు కోసం ఇష్టమొచ్చినట్టు క్రాసులు చేస్తుంటే, అనవసరంగా మొదలుపెట్టానని కాన్‌రన్ గారే బాధపడ్డారు.

బొబ్బిలి అక్కా, మీ మాటలో ఒక్కటి ఒప్పుకోను. మీరనే జాతి కుక్కలూ ఒకప్పుడు కలిపి కట్టినవే. ఇంగ్లండులో జాతి కుక్కల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ పుట్టిందే 1873లో, ఆ తర్వాతే చాలా జాతులకి బయటి కుక్కలు చేరకుండా నమోదు పుస్తకం మూసేసి వాటిలో వాటికే ఈత కట్టించడం గట్టిపడింది. అలా చప్పిడి ముక్కు వాటినే ఎంచి ఎంచి కట్టబట్టే పగ్‌కి ఊపిరాడదు. అలాగని క్రాస్ అయితే రోగాలు రావన్నదీ అబద్ధమే. లాబ్రడార్‌కి తుంటి జబ్బుంది, స్టాండర్డ్ పూడుల్‌కీ (పూడుల్‌లో పెద్ద రకం) ఉంది, మెల్లగా చూపు పోయే జబ్బు రెండిట్లోనూ ఉంది. రెండు వైపులా అదే లోపముంటే కలిపినంత మాత్రాన ఎక్కడికి పోతుంది? 2024లో లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్లు లాబ్రడూడుల్, కాకపూ, కవపూలను (కవలియర్ స్పానియల్‌కీ పూడుల్‌కీ పుట్టినవి) వాటి తల్లిదండ్రుల జాతులతో పోలిస్తే చాలా మటుకు జబ్బుల్లో తేడా కనపడలేదు.

కాబట్టి జాతి పేరు పక్కనపెట్టి తల్లిని చూపించమనండి. వీడియోలో కాదు, వెళ్లి చూడండి. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు, కళ్ల పరీక్ష కాగితాలు అడగండి. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) సర్టిఫికెట్ వంశం చెప్తుంది గానీ ఆరోగ్యం చెప్పదు, ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. ఇంకో సంగతి, 2017 కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. నలభై రోజుల పిల్లని రైలెక్కిస్తానన్నాడంటేనే ఆయన సంగతి తెలుస్తోంది.

పలాస జీడిపిక్క

మా తోటలో రెండు నాటు కుక్కలున్నాయి, చల్లన్నం తింటాయి, రాత్రి పాము కనపడితే ఊరు లేపుతాయి. ఖర్చు ఇంజెక్షన్లదే. ఎలర్జీ సంగతి నాకు తెలీదు, మావి ఇంట్లోకి రావు కదా.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ థాంక్స్. బెంగళూరాయన్ని తల్లి ఎక్స్‌రే అడిగాను, "సార్, మీరు కుక్క కొంటున్నారా, పెళ్లి సంబంధం చూస్తున్నారా" అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తట్లేదు. అడ్వాన్సు ఇవ్వకపోవడం మంచిదైంది.

కంటోన్మెంట్ తమ్ముడూ, నీకు పెట్టిన మెసేజ్ చూసి ఆదివారం రమ్మన్నావు, చాలా సంతోషం. డాక్టరు గారిని అడిగితే, ఇన్‌హేలర్ దగ్గరుంచుకుని కాసేపు కూర్చుని చూడండి, ఇబ్బందైతే వెంటనే బయటికి వచ్చేయండి అన్నారు. మా ఆవిడ మీ డూడుల్ దగ్గర ఓ గంట కూర్చుంటుంది, ఆ తర్వాతి వారం లాబ్రడార్ ఉన్న మా కొలీగ్ ఇంట్లో ఇంకో గంట. రెండు చోట్లా తుమ్మితే పాపకి చేపల తొట్టి చూపిస్తాను, అది మాత్రం ఇప్పుడే చెప్పకండి.

కంటోన్మెంట్ కుర్రోడు (విజయనగరం)

రండన్నా. వదిన గారిని మంచి చీర మాత్రం కట్టుకోవద్దనండి, వీడు వచ్చినవాళ్లందరి ఒళ్లో ఎక్కుతాడు.