టీఎంటీ నార్మల్, ఎల్‌డీఎల్ 110. అయినా గుండెకు రిస్క్ ఉన్నట్టేనా?

కొండాపూర్_అక్క:
మా ఆయనకు 39 ఏళ్ళు. ఆఫీసు హెల్త్ చెకప్ రిపోర్టు వచ్చింది. టోటల్ కొలెస్ట్రాల్ 192, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్, తక్కువుంటేనే చేటు) 34, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు) 240, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 110. పరగడుపు షుగర్ 108, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 5.9, బీపీ 138/88. ఈసీజీ, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) నార్మల్. ఛాయ్‌తో పాటు రోజుకు మూడు సిగరెట్లు. మామయ్యగారికి 51 ఏళ్ళకే గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. టోటల్ 200 లోపే ఉందని ఈయన నిశ్చింతగా ఉన్నారు. ఆన్‌లైన్ కాలిక్యులేటర్ కూడా తక్కువ రిస్కే అంటోంది. నాకే మనసు కుదుటపడడం లేదు. దేన్ని నమ్మాలి?

నారాయణగూడ_ల్యాబ్:
అక్కా, టీఎంటీని చూసి ధీమా పడొద్దు. రక్తనాళం ఇంచుమించు 70 శాతం పూడి, నడక వేగం పెంచినప్పుడు గుండెకు రక్తం చాలకపోతేనే అది పట్టుకుంటుంది. 30, 40 శాతం పూడిక ఉన్నా నార్మల్ అనే వస్తుంది. అలాంటి చిన్న పూడిక పైపొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టినా గుండెపోటు రావచ్చు.

ఇక ఎల్‌డీఎల్. చాలా ల్యాబులు దాన్ని నేరుగా కొలవవు, లెక్కగడతాయి: టోటల్‌లోంచి హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతు తీసేస్తారు. 192 – 34 – 48 = 110. మీ రిపోర్టు అంకె అలా వచ్చిందే. ట్రైగ్లిజరైడ్స్ పెరిగేకొద్దీ ఈ లెక్క ఎల్‌డీఎల్‌ను తక్కువ చేసి చూపుతుంది, 400 దాటితే అసలు పనికిరాదు. అందుకే నాన్-హెచ్‌డీఎల్ చూడండి: 192 – 34 = 158. నాళాల గోడల్లో చేరే కొలెస్ట్రాల్ అంతా ఇందులో ఉంటుంది. మామూలుగా 130 లోపు ఉండాలి. వీలైతే అపో-బి (చెడ్డ కొలెస్ట్రాల్ కణాల మీద ఉండే ప్రొటీన్) పరీక్ష కూడా చేయించండి, 130 దాటితే రిస్క్ పెంచే అంశంగా లెక్కిస్తారు.

మళ్ళీ రక్తం ఇచ్చేటప్పుడు 10–12 గంటలు పరగడుపున ఉండాలి, మంచినీళ్ళు తాగొచ్చు. ముందు రాత్రి బిర్యానీ, మందు ఉంటే ట్రైగ్లిజరైడ్స్ ఎగబాకుతాయి. జ్వరం వచ్చి తగ్గిన వారంలోనే ఇస్తే కొలెస్ట్రాల్ ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది.

తార్నాక_వాసి:
కాలిక్యులేటర్ ఎందుకు తక్కువంటుందంటే, అది రాబోయే 10 ఏళ్ళకే లెక్క. వయసు చిన్నదైతే మిగతావి ఎంత చెడ్డగా ఉన్నా ఫలితం చిన్నగానే వస్తుంది. పైగా కొన్ని కాలిక్యులేటర్లు 40 నుంచే మొదలవుతాయి, కుటుంబ చరిత్ర అడగవు. నాన్నకో అన్నదమ్ములకో 55 లోపు, అమ్మకో అక్కచెల్లెళ్ళకో 65 లోపు గుండెపోటు వస్తే దాన్ని బలమైన అంశంగా తీసుకుంటారు. మీ మామగారిది 51.

అందుకే లైపోప్రొటీన్-ఎ (ఎల్‌డీఎల్ లాంటి కొవ్వు కణం) పరీక్ష చేయించండి. వంశపారంపర్యంగా వచ్చేది కాబట్టి పెద్దవాళ్ళకు జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువే. తిండి, నడకతో అది పెద్దగా తగ్గదు, కాబట్టి మిగతావి ఇంకా గట్టిగా అదుపులో పెట్టాలి.

నడుము కొలత చెప్పలేదు. ప్యాంటు సైజు చూసి మోసపోకండి, అది పొట్ట కింద కట్టుకునేది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక టేపు పెట్టాలి. మన మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 హద్దు. నడుము తేలకుండానే ట్రైగ్లిజరైడ్స్, హెచ్‌డీఎల్, బీపీ, షుగర్ నాలుగూ గీత దాటాయి. అయిదింట మూడు దాటినా చాలు, మెటబాలిక్ సిండ్రోమ్ (గుండెజబ్బు, షుగర్ రిస్క్ పెంచే లక్షణాల గుంపు) అంటారు.

మూడు సిగరెట్లేగా అనుకోవద్దు. రోజుకు ఒకటి కాల్చినా గుండెకు జరిగే చేటు ఇరవై కాల్చేవాళ్ళ చేటులో దాదాపు సగం. తగ్గించడం చాలదు, పూర్తిగా మానాలి.

పంజాగుట్ట_బీపీ:
క్యాంపులో మెట్లెక్కొచ్చి చూపించుకున్న బీపీ మీద తీర్పు చెప్పలేం. ఇంట్లో చూడండి. అరగంట ముందు నుంచి ఛాయ్, సిగరెట్ బంద్. మూత్రానికి వెళ్ళొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి టేబుల్ మీద గుండె ఎత్తులో ఉండాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. పొద్దున, సాయంత్రం నిమిషం తేడాతో రెండేసి సార్లు, ఏడు రోజులు రాయండి. మొదటి రోజు వదిలేసి మిగతా వాటి సగటు తీయండి. అది 135/85 దాటితే బీపీ ఉన్నట్టే.

ఆ కాగితం, నాన్-హెచ్‌డీఎల్, లైపోప్రొటీన్-ఎ పట్టుకుని కార్డియాలజిస్టును కలవండి. స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) మొదలుపెట్టాలా వద్దా ఆయన నిర్ణయిస్తారు, మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు.

కొండాపూర్_అక్క:
చాలా థ్యాంక్స్ అండీ. అన్నీ రాసుకున్నాను. ఆయన నడుము ఇప్పుడే కొలిచా, 98. నాదొక సందేహం. రెండో కాన్పులో నాకు షుగర్ వచ్చి, తర్వాత తగ్గిపోయింది. దాన్ని లెక్కలోకి తీసుకోవాలా?

తార్నాక_వాసి:
తప్పకుండా తీసుకోవాలి. గర్భంలో వచ్చిన షుగర్, బీపీ, 40 ఏళ్ళలోపే ఆగిన నెలసరి ఇవన్నీ ఆడవాళ్ళ గుండె రిస్క్‌ను పెంచేవే. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. కాన్పయ్యాక ఒకటిన్నర నుంచి మూడు నెలల్లోపు 75 గ్రాముల గ్లూకోజ్ తాగి పరీక్ష చేయించుకోవాల్సింది. అప్పుడు చేయించకపోతే ఇప్పుడు చేయించుకోండి. నార్మల్ వచ్చినా ఒకటి నుంచి మూడేళ్ళకోసారి షుగర్ చూపించుకుంటూ ఉండాలి. మీ నడుము కూడా కొలవండి, మీకు హద్దు 80.